గీత, వంపు, మెలిక



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వండన్నా అని తమ్ముళ్లు అడిగారు. హాస్టల్ జ్ఞాపకాలు రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నీళ్లచారు గురించీ, ట్రంకుపెట్టెల గురించీ, తెల్లవారుజాము స్టడీ అవర్‌లో కునికిపాట్ల గురించీ మాకంటే వాళ్లే బాగా రాస్తారు. మేము ఈసారి ఒక పని గురించి రాయదలచుకున్నాము.

"పది తర్వాత దారులు" అని ఒక పటం తయారు చేసి హాస్టల్‌కు ఇచ్చాము. పదో తరగతి అయ్యాక ఎటెటు వెళ్లవచ్చో చూపే పటం అది. చేత్తో గీయలేదు, కంప్యూటర్‌లో కోడ్ రాసి గీయించాము. గడులు పెట్టి పేర్లు రాయడం ఒక పూటలో అయిపోయింది. గడుల మధ్య గీతలకు మాత్రం నాలుగు ఆదివారాలు పట్టింది. ఎందుకు పట్టిందో, దానివల్ల మేమేం నేర్చుకున్నామో చెబుతాము.

మేమంటే ముగ్గురం, ఒకే బ్యాచ్ వాళ్లం. ఒకరు కాలువ పనులకు డ్రాయింగులు గీస్తారు. ఒకరు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేస్తారు. ఒకరు లెక్కల మాస్టారు. ముగ్గురి పనీ కలిస్తేనే ఈ పటం అయింది. అందుకే ఈ వ్యాసంలో "నేను" అనే మాట లేదు.

గీత

ముందు మన ఊరి నీళ్లతో మొదలుపెడదాం. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీళ్లు పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ గుండా బయటికి వచ్చి బానకచర్ల చేరతాయి. అక్కడ పాయలవుతాయి. ఒక పాయ తెలుగుగంగ కాలువగా వెలుగోడుకు పోతుంది. ఇంకొక పాయ గోరకల్లుకు, అక్కడి నుంచి మన అవుకుకు, ఇక్కడి నుంచి కడప జిల్లాలోని గండికోటకు పోతుంది. ఈ నాలుగు వాక్యాలు చదివితే గుర్తుండేది తక్కువ. అదే ఒక కాగితం మీద ఆరేడు గుండ్రాలు పెట్టి బాణం గీతలతో కలిపితే మూడో తరగతి పిల్లవాడికైనా అర్థమవుతుంది. కంప్యూటర్ వాళ్ల భాషలో ఆ గుండ్రాన్ని నోడ్ అంటారు. కలిపే గీతను ఎడ్జ్ అంటారు.

దీన్ని కోడ్‌లో రాయడం ఎంత తేలికో చూడండి.

శ్రీశైలం -> పోతిరెడ్డిపాడు
పోతిరెడ్డిపాడు -> బానకచర్ల
బానకచర్ల -> వెలుగోడు
బానకచర్ల -> గోరకల్లు
గోరకల్లు -> అవుకు
అవుకు -> గండికోట

ఇది ఉదాహరణకు రాసింది కాదు, నిజమైన కోడే. గ్రాఫ్‌విజ్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థ పరిశోధనశాలలో పుట్టింది. పైన డైగ్రాఫ్ అనే ఒక్క మాట ఇంగ్లీషులో పెట్టి, ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య ఈ ఆరు వరుసలు తెలుగులోనే రాసి ఇస్తే చాలు. కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ ఉంటే బొమ్మ గీసి చూపిస్తుంది. కోడ్ అంటే ఇంగ్లీషు మీడియం వాళ్ల సొత్తు అని మనలో చాలామందికి ఒక బెరుకు ఉంటుంది. మాకూ ఉండేది. తెరమీద "అవుకు" అనే పేరు మన అక్షరాల్లోనే గుండ్రంలో కూర్చుని కనిపించిన రోజు ఆ బెరుకు చాలావరకు పోయింది.

అయితే గ్రాఫ్‌విజ్ గడులను తన లెక్క ప్రకారం సర్దుతుంది. మా పటంలో ఏ గడి ఎక్కడ ఉండాలో మేమే నిర్ణయించుకోవాలనుకున్నాము. అందుకని గీతల లెక్క కూడా మేమే వేసుకున్నాము. అక్కడ మాకు పనికి వచ్చింది పదో తరగతి లెక్కల పుస్తకమే.

ఒక గుండ్రం మధ్య బిందువు (0, 0) దగ్గర, ఇంకొక గుండ్రం మధ్య బిందువు (30, 40) దగ్గర ఉన్నాయనుకోండి. మధ్య నుంచి మధ్యకు గీత గీస్తే అది పేరు మీదుగా పోతుంది. బాణం మొన గుండ్రం లోపల మునిగి కనిపించదు. గీత గుండ్రం అంచు దగ్గర మొదలై, రెండో గుండ్రం అంచు దగ్గర ఆగాలి. పైథాగరస్ ప్రకారం దూరం 50. గుండ్రం వ్యాసార్థం 10. అంటే గీతలో అయిదో వంతు ఈ చివర, అయిదో వంతు ఆ చివర వదిలేయాలి. మీ పుస్తకంలోని విభజన సూత్రం వాడితే మొదలు (6, 8), చివర (24, 32) వస్తాయి. ఈ సూత్రాలు ఎందుకు సార్ అని అడిగే తమ్ముళ్లకు ఇదొక జవాబు. ఒక్క హెచ్చరిక మాత్రం ఉంది. కంప్యూటర్ తెరమీద వై అక్షం పైనుంచి కిందికి పెరుగుతుంది. గ్రాఫ్ కాగితం మీద పైకి ఉన్నది అక్కడ కిందికి వస్తుంది.

వంపు

అన్నీ సూటి గీతలతోనే అయిపోతే ఈ వ్యాసం ఇక్కడే ముగిసేది. గోరకల్లు నుంచి అవుకుకు వచ్చే వరద కాలువ మీద రెండు సొరంగాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒక్కొక్కటి 10,000 క్యూసెక్కులు మోసేలా తవ్వారు. కొండ లోపల వదులు మట్టి పొర అడ్డం వచ్చి పని చాలా ఏళ్లు సాగింది. మొదటి సొరంగం 2018లో, రెండోది 2023లో ప్రారంభమయ్యాయి. ఇప్పుడు కోడ్‌లో "గోరకల్లు -> అవుకు" అని రెండుసార్లు రాసి సూటి గీతలు గీయించండి. రెండో గీత మొదటి గీత మీదే పడుతుంది. చూసేవాళ్లకు ఒకటే సొరంగం కనిపిస్తుంది. అయిదేళ్ల తేడాతో పూర్తయిన రెండు పనులు పటంలో ఒకటైపోతాయి.

ఈ చిక్కు కొత్తది కాదు. 1736లో ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త కోనిగ్స్‌బర్గ్ పట్టణంలోని ఏడు వంతెనల లెక్క చేశాడు. ప్రతి వంతెననూ ఒక్కసారి మాత్రమే దాటి ఊరంతా తిరగవచ్చా అన్నది ప్రశ్న. తిరగలేమని ఆయన తేల్చాడు. నోడ్‌లు, ఎడ్జ్‌ల శాస్త్రం అక్కడే మొదలైందంటారు. ఆ పట్టణంలోనూ ఒకే ద్వీపానికీ ఒకే ఒడ్డుకూ మధ్య రెండేసి వంతెనలు ఉండేవి. ఆ రెండింటినీ ఒకటిగా గీస్తే లెక్కే మారిపోతుంది.

అందుకే గీతను వంచాలి. వంచడానికి బెజియే వంపు అని ఒక పద్ధతి ఉంది. ఫ్రాన్స్‌లో రెనో కార్ల కంపెనీ ఇంజినీరు పియర్ బెజియే 1960ల్లో దీన్ని కార్ల ఒంపులు గీయడానికి వాడాడు. అంతకు కొంచెం ముందే సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో ఇదే సంగతి కనిపెట్టాడు. గ్రాఫ్ కాగితం తీసుకుని మీరే చేయవచ్చు.

మొదలు (0, 0), చివర (8, 0) పెట్టండి. పైన (4, 6) దగ్గర ఒక బిందువు పెట్టండి. వంపు ఆ బిందువును తాకదు, దాని వైపుకు లాగబడుతుంది అంతే. మొదటి రెండు బిందువుల మధ్యబిందువు (2, 3). తర్వాతి రెండింటి మధ్యబిందువు (6, 3). ఈ రెండింటి మధ్యబిందువు (4, 3). వంపు సరిగ్గా అక్కడి నుంచి పోతుంది. అంటే వంపు 3 గళ్లు లేవాలంటే లాగే బిందువును 6 గళ్ల ఎత్తులో పెట్టాలి. ఒక సొరంగానికి బిందువును పైన పెట్టి, ఇంకొకదానికి కింద (4, -6) దగ్గర పెడితే రెండూ విడివిడిగా కనిపిస్తాయి.

ఎదురెదురు గీతలకు ఇంకా తేలిక. మన జిల్లాలోనే పాణ్యం మండలం పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు కట్టారు. కరెంటు మిగులు ఉన్నప్పుడు కింది చెరువు నుంచి పై చెరువుకు నీళ్లు ఎత్తిపోస్తారు. కరెంటు అవసరమైనప్పుడు పైనుంచి కిందికి వదిలి కరెంటు తీస్తారు. రెండే నోడ్‌లు, పోయే గీత ఒకటి, వచ్చే గీత ఒకటి. "పోయే దిశకు ఎడమ చేతి వైపు వంగు" అని కోడ్‌లో ఒకే నియమం రాస్తే చాలు. దిశ మారగానే ఎడమ కూడా మారుతుంది కాబట్టి రెండు గీతలూ వాటంతట అవే చెరో వైపు వంగుతాయి. రోడ్డు మీద అందరూ ఎడమవైపే నడిచినా ఎదురుగా వచ్చేవాళ్లు మనకు అవతలి పక్కన ఉన్నట్టే ఇది కూడా.

మా పటంలో వంపు ఎక్కడ అవసరమైందంటే, పాలిటెక్నిక్ దగ్గర. మూడేళ్ల డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి ఇంజినీరింగ్‌లో నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. పటంలో డిప్లొమా, బీటెక్ మొదటి సంవత్సరం, రెండో సంవత్సరం ఒకే వరుసలో ఉన్నాయి. సూటి గీత గీస్తే అది మొదటి సంవత్సరం గడి వెనుక నుంచి పోయింది. చూసినవాడు డిప్లొమా అయ్యాక మళ్లీ మొదటి సంవత్సరం నుంచి చదవాలేమో అనుకుంటాడు. ఇంట్లో చదువుకున్నవాళ్లు ఉంటే అది కాదురా అని చెబుతారు. మన ఇళ్లలో చెప్పేవాళ్లు తక్కువ. పటం ఏం చెబితే అదే నమ్ముతాము. అక్కడ గీత తప్పుగా పడితే ఒక పిల్లవాడు అంత చదువు మనవల్ల కాదులే అని వెనక్కి తిరగవచ్చు. అందుకే ఆ గీతను గడి పైనుంచి వంచి, దాని మీద "ఈసెట్" అని రాశాము. ఒక ఆదివారం అంతా దానికే పోయింది. పోనీ అనుకున్నాము.

మెలిక

నాలుగో ఆదివారం వచ్చిన చిక్కు మాత్రం వేరు. "పది" అనే గడి నుంచి ఇంటర్‌కు, పాలిటెక్నిక్‌కు, ఐటీఐకి, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి గీతలు పోయాయి. పటం నిండుగా ఉంది, చూడ ముచ్చటగా ఉంది. అప్పుడు మాస్టారు ఒక మాట అడిగారు. "పది తప్పినవాడి గీత ఏది?"

ఆ గీత పది నుంచి మళ్లీ పదికే రావాలి. కోడ్‌లో "పది -> పది" అని రాశాము. కోడ్ నిలిచిపోయింది. ఎందుకో మీరే లెక్క వేసి చూడండి. మొదలూ చివరా ఒకటే కాబట్టి దూరం సున్నా. గీత ఏ దిశలో పోవాలో తెలియాలంటే దూరంతో భాగించాలి. సున్నాతో భాగించడం కుదరదు. మిగతా అన్ని గీతలకూ పనిచేసిన సూత్రం ఇక్కడ పనిచేయదు. ఆ గీతకు ప్రత్యేకంగా ఒక నియమం రాయాలి. రాయకపోతే ఆ గీత ఉండదు, ఉండదన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. పటం చూడటానికి బాగానే ఉంటుంది.

మాకు ముగ్గురికీ ఒకే ముఖం గుర్తుకొచ్చింది. మా బ్యాచ్‌లో ఒకడు లెక్కల్లో తప్పాడు. పరీక్షలకు ముందు ఇంట్లో అమ్మకు జబ్బు చేస్తే నెలన్నర బడికి రాలేకపోయాడు. హాస్టల్‌లో చోటు బడిలో పేరున్నవాడికి. అప్పట్లో పది రాసేశాక బడిలో పేరుండేది కాదు. ఎవరూ వాణ్ణి పొమ్మనలేదు, కానీ ఉండమనే నియమమూ లేదు. ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని బస్సెక్కాడు. నాపరాయి గనిలో పనికి పోయాడు. పొద్దంతా రాళ్లు మోసినవాడు రాత్రి దీపం కింద త్రికోణమితి ఏం చదువుతాడు? రెండేళ్లు గడిచాక మళ్లీ ఫీజు కట్టి, రాసి, పాసయ్యాడు. ఐటీఐ చేసి ఎలక్ట్రీషియన్ అయ్యాడు. వాడి మెలిక వాడే గీసుకున్నాడు. గీసుకోలేక గనిలోనే ఉండిపోయినవాళ్లు ఎంతమందో.

ఇక మెలిక గీసే పద్ధతి చెబుతాము, గ్రాఫ్ కాగితం మీద చేసి చూడండి. గుండ్రం మధ్య (0, 0), వ్యాసార్థం 10. గీత (-6, 8) దగ్గర గుండ్రం అంచు మీద మొదలై (6, 8) దగ్గర మళ్లీ అంచుకు చేరాలి. ఈసారి లాగే బిందువులు రెండు కావాలి. (-24, 32), (24, 32) పెట్టండి. వంపు నడిమి బిందువు ఎత్తు కావాలంటే నాలుగు ఎత్తులను వరుసగా 1, 3, 3, 1తో గుణించి, కలిపి, 8తో భాగించాలి. 8, 96, 96, 8 కలిపితే 208. ఎనిమిదితో భాగిస్తే 26. అంటే మెలిక గుండ్రం అంచు దాటి 16 గళ్లు పైకి లేచి, చక్కగా తిరిగి వస్తుంది. లోపల ఒక చిన్న మాట రాసే చోటు కూడా ఉంటుంది.

ఈ మెలికలు మన ఇళ్లకు కొత్త కావు. సంక్రాంతికి మన అమ్మలు, అక్కలు చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేస్తారు. చుక్కల చుట్టూ తిరిగి తిరిగి గీత మొదలైన చోటికే వస్తుంది. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన గిఫ్ట్ సిరొమొని, రాణి సిరొమొని, వారితో పాటు కమలా కృతివాసన్ 1974లోనే ఈ ముగ్గుల్లోని నియమాలను కంప్యూటర్ వ్యాకరణంగా రాసి పరిశోధన పత్రం అచ్చువేశారు. తమిళనాడులో వీటిని కోలం అంటారు. బడికి పోని అమ్మ చేతిలో ఉన్న లెక్కను పెద్ద చదువులు చదివినవాళ్లు కూర్చుని నేర్చుకున్నారన్నమాట. ముగ్గులో మెలిక తిరగడాన్ని ఎవరూ వెనకబడటం అనరు. మెలిక లేకపోతే ముగ్గే లేదు.

మా పటంలో పది గడి మీద మెలిక గీసి, లోపల "సప్లిమెంటరీ" అని రాశాము. పక్కన మూడు సంగతులు పెట్టాము. వేసవిలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు ఉంటాయి. తప్పిన సబ్జెక్టు ఒక్కటి రాస్తే చాలు, అన్నీ రాయనవసరం లేదు. అదీ కుదరకపోతే సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పది పూర్తి చేయవచ్చు.

గోడమీద మెలిక గీసినంత మాత్రాన పిల్లవాడికి ఉండే చోటు దొరకదు కదా అని ఎలక్ట్రీషియన్ మిత్రుడే ఫోన్‌లో అన్నాడు. నిజమే. అందుకని మా బ్యాచ్ వాళ్లం తలా కొంత వేసుకుని, ఫలితాలు వచ్చిన రోజు నుంచి సప్లిమెంటరీ అయ్యేదాకా ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకుంటున్నాము. రెండు ఫ్యాన్లు, ఒక బోర్డు, పాత ప్రశ్నపత్రాలు ఉంటాయి. గదికి కరెంటు పని చేసింది ఆ మిత్రుడే. కూలి తీసుకోలేదు. లెక్కలు మాస్టారు చెబుతారు. మొదటి వేసవి నలుగురు పిల్లలు ఉన్నారు. ముగ్గురు పాసయ్యారు. నాలుగోవాడు మళ్లీ రాస్తున్నాడు. వాడి గడి మీద మెలిక రెండుసార్లు తిరుగుతుంది, అంతే. కోడ్‌కు అది కష్టమేమీ కాదు.

తమ్ముళ్లారా, మీలో కొందరు రేపు ఇంజినీర్లవుతారు, కొందరు ఆఫీసుల్లో కూర్చుంటారు, కొందరు నియమాలు రాసే స్థాయికి వెళ్తారు. అక్కడ గడులు గీసేవాళ్లు చాలామంది ఉంటారు. సూటి గీతలు కూడా చాలామంది గీస్తారు. మీరు మాత్రం రెండు ప్రశ్నలు అడగండి. ఈ సూటి గీత కింద ఇంకొక గీత దాగి ఉందా? మొదలైన చోటికే తిరిగి రావలసినవాడికి ఇందులో దారి ఉందా? మన హాస్టల్ అన్నం తిన్నవాళ్లకు ఈ ప్రశ్నలు ఒకరు నేర్పనక్కరలేదు.

కోడ్ నేర్చుకోవాలనుకునేవాళ్లు బడి కంప్యూటర్‌లో గ్రాఫ్‌విజ్ పెట్టించుకోండి. కంప్యూటర్ లేకపోతే గ్రాఫ్ కాగితం, పెన్సిలు, రబ్బరు చాలు. మీ ఊరి నుంచి అవుకుకు బస్సులు వచ్చే దారిని ముందు గీయండి. ఎక్కడ బస్సు మారాలో అక్కడ నోడ్ పెట్టండి. పోయే దారీ వచ్చే దారీ వేరైతే వంచండి. ఆదివారాలు మేము ఊళ్లోనే ఉంటాము, తెచ్చి చూపించండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

మీ అన్నలు,
పూర్వ విద్యార్థులు